రెండు గడియారాల గది

గడియారాలాయన భార్యను మంత్రసాని చంపింది.

అందులో అనుమానం లేదు. వీధిలో ముప్పై ఏళ్లుగా స్థిరపడిపోయిన సంగతి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు నీళ్లు ఎన్నింటికి వదులుతారో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో చెప్పి, ఆ వెంటనే ఇదీ చెప్పేవాళ్లు. అరగంటలో ఆసుపత్రికి చేర్చవలసిన బాలింతను ఆ మంత్రసాని గంటసేపు ఇంట్లోనే పడుకోబెట్టింది. తల్లి పోయింది, బిడ్డ దక్కింది. పాడైన గడియారాలు బాగుచేసుకుంటూ ఆయన ఆ బిడ్డను ఒంటిచేత్తో పెంచాడు. మళ్లీ పెళ్లాడలేదు. మంత్రసానిని క్షమించలేదు.

ఆ బిడ్డకే ఇప్పుడు ఎనిమిదో నెల.

తొలి కాన్పు. కడుపులో బిడ్డ తల కిందికి తిరిగింది. బీపీ బాగుంది, షుగర్ లేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మే చెప్పింది, నీది ఏ భయమూ లేని కాన్పు, ఇక్కడ కన్నా సరే, మా ఎదురుగా ఉన్న కాన్పుల ఇంట్లో కన్నా సరే, నీ ఇష్టం అని. ఆ ఇష్టం అన్న మాటే ఇంట్లో నిప్పు పెట్టింది. కాన్పుల ఇంట్లో డాక్టర్లుండరు. శిక్షణ పొందిన మంత్రసానులే అంతా చూస్తారు. పులికి పేరు మారిస్తే పిల్లి అవుతుందా అన్నాడు తండ్రి. నేను బతికుండగా ఆ గడప తొక్కవన్నాడు. మూడు వారాలు తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నారు. చివరికి కూతురే ఒక మెట్టు దిగింది. ఒక్కసారి వచ్చి చూడు నాన్నా, చూశాక కూడా వద్దంటే నోరెత్తను అంది.

ఆయన సరేనన్నాడు. చూడటానికి కాదు, వద్దనడానికి బయల్దేరాడు. తలుపు తట్టారు. తీసిన మనిషికి జుట్టు తెల్లబడింది, కళ్లజోడు వచ్చింది. అయినా పోల్చుకున్నాడు. ఆ మంత్రసానే.

ఆవిడా పోల్చుకుంది. తలుపు రెక్క పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటే చెప్పింది.

"రండి. చెప్పులు ఆ పక్కన వదలండి."

కూతురికి ఏమీ తెలియదు. ఆ చెయ్యే తనను మొదట ముట్టుకున్న చెయ్యని తెలియక, "నమస్తే మేడమ్" అంటూ ముందు లోపలికి నడిచింది. అప్పుడే పద పోదాం అని ఉంటే సరిపోయేది. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, చెప్పులు వదిలి, వెనకాలే వెళ్లాడు.

పురిటిగది పెద్దది కాదు. ఎత్తు తక్కువ మంచం, కూర్చుని నొప్పులు పడటానికి ఒక ముక్కాలిపీట, పట్టుకుని నడవడానికి గోడ పొడుగునా కర్ర కమ్మీ. ఉతికి మడతపెట్టిన బట్టల వాసన. మూల ఆక్సిజన్ సిలిండరు. గుమ్మం పక్కనే చక్రాల మంచం, దాని మీద దుప్పటి పరిచి సిద్ధంగా ఉంది. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల పెద్దాసుపత్రి గేటు.

"ఏదైనా తేడా వస్తే ఈ మంచం మీద తోసుకెళ్లిపోతాం" అంది మంత్రసాని. "ఇక్కణ్ణించి అక్కడి ఆపరేషన్ గది దాకా నాలుగు నిమిషాలు. నెలకోసారి ఖాళీ మంచం తోసి కొలుస్తాం."

"మా ఆయన్ని లోపలికి రానిస్తారా?"

"రానివ్వడమేంటి, రాకపోతే ఊరుకోం. ఏం చేస్తుంటాడు?"

"బస్సు డ్రైవరు."

"అయితే మరీ మంచిది. ఎంత అరిచినా చలించడు."

కూతురు పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఆయన తల తిప్పుకున్నాడు. మూడు వారాలుగా ఇంట్లో వినపడని నవ్వు అది. తిప్పిన తల గోడ దగ్గర ఆగింది.

గోడకు రెండు గడియారాలు. పక్కపక్కనే. చవక బాపతు బ్యాటరీవే. కాని రెండింటి సెకన్ల ముళ్లూ ఒకే అడుగు వేస్తున్నాయి. అలా నడిపించాలంటే రోజూ ఎవరో ఒకరు పనిగట్టుకుని కలపాలి. ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కూతురూ చూసింది. "ఇదేంటి మేడమ్, మా నాన్న వస్తున్నాడని రెండు పెట్టారా? మా ఇంట్లో పదిహేనున్నాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు."

"రోజూ పొద్దున్నే రెండూ కలుపుతాం, నొప్పులు మొదలవగానే మళ్లీ కలుపుతాం. అది ఇక్కడి రూలు. నేనే పెట్టాను."

"రెండెందుకు?"

"ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందని."

గడియారాలాయన మంచినీళ్లు అడుగుదామనుకుని మానేశాడు. ఆవిడ చేతి నీళ్లు తాగకూడదన్న పట్టుదల వల్ల కాదు. నోరు తెరిస్తే ఇంకేం బయటికొస్తుందోనని.

పక్క గదిలో బల్ల దగ్గర కూర్చున్నారు. మంత్రసాని ఫైలు తెరిచి, పెన్ను మూత తీసింది. వయసు, ఎత్తు, ఇదివరకు ఏవైనా జబ్బులు. కూతురు చకచకా చెప్పుకుపోయింది.

"మీ అమ్మకి కాన్పులెన్ని?"

"ఒక్కటే. నేనే. నన్ను కన్నప్పుడే పోయింది."

పెన్ను ఆగింది. తల ఎత్తకుండానే తర్వాతి ప్రశ్న అడిగింది. అడగక తప్పదు, కాగితం మీద ఉంది.

"ఎలా పోయింది?"

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన నాలుక మీద ముప్పై ఏళ్లుగా తయారుగా ఉన్న మాట, తడుముకోకుండా వచ్చింది.

"మంత్రసాని చంపింది."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మంత్రసానిని నేనేనమ్మా."

కూతురు లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది. చెయ్యి దానంతటదే కడుపు మీదికి వెళ్లింది.

"మీరా?"

"నిన్ను పట్టుకున్నది నేనే. కాసేపు ఏడవలేదు నువ్వు. వీపు మీద రుద్దితే ఏడ్చావు. ఆ తర్వాత ఆపలేదు."

"చూశావుగా అమ్మడూ" అన్నాడు తండ్రి. గెలిచినట్టే ఉంది ఆయనకు. "ఇక పద."

"వెళుదువుగానిలే తల్లీ. నిన్ను ఎలాగూ చేర్చుకోను. ఎందుకో విని వెళ్లు." ఆవిడ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "నువ్వు నాలుగూ ఐదుకి పుట్టావు. మధ్యాహ్నం. బిడ్డ వెనకాల మాయ పడాలి, పడలేదు. అరగంట చూస్తాను, పెద్దముల్లు ఏడు మీదికొచ్చినా పడకపోతే ఆసుపత్రికి పోదాం, బండి చూసిపెట్టు అని మీ నాన్నకే చెప్పాను. పురుడు పోసేటప్పుడు నేను చేతి వాచీ తీసేస్తాను. గోడ మీద బడి గడియారం ఉంది, బాగుకి వచ్చింది. ఇది నమ్మొచ్చా తమ్ముడూ అని అడిగాను. మా గోడ మీద తప్పు టైము చూపించే గడియారం ఉండదక్కా అన్నాడు. ఏడు మీదికి రాగానే బండెక్కించాను. ఒక్క నిమిషం దాటనివ్వలేదు. ఆసుపత్రి గేటు దగ్గర రక్తం కుండ పగిలినట్టు వచ్చింది."

"గంట అంటాడు నాన్న."

"అంటాడు. వీధంతా అంది. నా కళ్లు అరగంట చూశాయి. ఆ గదిలో ఉన్న ఆడవాళ్లూ ముల్లు ఏడు మీద ఉండటం చూశారు. అయినా మొగుడు చెప్పాక ఇక తిరుగేముంది? ఆ తర్వాత నన్నెవరూ గడప ఎక్కనివ్వలేదు. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు పురిటి గుడ్డలు ఉతికాకే నన్ను శిక్షణకు తీసుకున్నారు."

కూతురు మెల్లగా కూర్చుంది.

"నా బాధ అలా ఉంచు. నీ సంగతి చెప్తా. నిజంగా గంట అయి ఉంటే, తప్పు నాది. ముల్లు చూడటం రాని మొద్దుని నేను. అలాగైతే నీకు ఏ భయమూ లేదు, ఇక్కడ కనొచ్చు. అరగంటే అయి ఉంటే మాత్రం, అంతలోనే ఆ మనిషి పోయిందంటే ఆవిడ ఒంట్లోనే ఏదో ఉందన్నమాట. అది నీకూ వచ్చి ఉండొచ్చు. నీ రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. కాని అన్నీ పరీక్షల్లో తేలవు. ఈ రెండిట్లో ఏది నిజమో ముప్పై ఏళ్లుగా నాకు తెలీదు. ఆసుపత్రిలో అడిగాను, పాత కాగితాలు పారేశామన్నారు. భయం లేదు అని రాయడానికి నా చెయ్యి రాదు."

ఆవిడ గడియారాలాయన వైపు తిరిగింది. ఆ రోజు తర్వాత సూటిగా చూడటం అదే మొదలు.

"నువ్వు చెప్పు తమ్ముడూ. గంట అయిందని నీకెలా తెలుసు? నీ ఇంటి గడియారం అరగంటే కదా చూపించింది?"

ఆయన ఎదురుగా రెండు దారులున్నాయి. రెండూ ముళ్లదారులే. ఒకదాంట్లో తన పాదానికి ఎక్కువ గుచ్చుకుంటాయి. ఆయన రెండోది తొక్కాడు.

"దుఃఖంలో ఏదో అన్నాను" అన్నాడు. "అరగంటే అయి ఉంటుంది."

"అయి ఉంటుందా?"

"అరగంటే."

మంత్రసాని ముప్పై ఏళ్లు మోసిన నింద ఒక్క ముక్కతో దిగిపోయింది. అయినా ఆవిడ ముఖం తేలికపడలేదు. ఫైలు దగ్గరికి లాక్కుని, పెద్దాసుపత్రికి పంపాలి అని రాసింది. ఆయన వచ్చిన పని అయిపోయింది. లేచి, కూతురి సంచి అందుకున్నాడు.

కూతురు లేవలేదు.

"అక్కడ గేటు దగ్గరే మా ఆయన్ని ఆపేస్తారు నాన్నా" అంది. "నేను చూశాను. నొప్పులు పడుతున్న మనిషిని, కనేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకని తిట్టింది ఒకామె. పట్టుకోవడానికి ఒక చెయ్యి లేదు ఆ పిల్లకి. అందరికీ కనీసం బయట అమ్మ ఉంటుంది. నాకు ఎవరూ లేరనే కదా ఇక్కడ కంటానన్నాను."

"నేనున్నాను కదా."

ఆ మాట ఆమె వినిపించుకోలేదు. ఏదో లెక్క కడుతున్నట్టు బల్ల వైపే చూస్తోంది.

"అంటే అమ్మని ఎవరూ చంపలేదన్నమాట. అమ్మ ఒంట్లోనే ఉందన్నమాట ఆ రోగం. నేను పుట్టబట్టి బయటపడింది. చిన్నప్పుడు పక్కింటి అవ్వ అంటే ఏడ్చాను, తల్లిని మింగి పుట్టిన పిల్ల అని. నువ్వు వెళ్లి పోట్లాడావు. అవ్వే నిజం చెప్పింది చూడు." చేత్తో కడుపు తడిమింది. "ఇదీ ఆడపిల్లైతే దీనికీ ఉంటుంది కదా మేడమ్?"

"ఉండొచ్చు" అంది మంత్రసాని. అబద్ధం చెప్పడం ఆవిడకు అలవాటు లేదు.

గడియారాలాయన చేతిలో సంచి ఉంది. దాన్ని కింద పెట్టాడు. మళ్లీ తీశాడు. తల తీసి మొలేసినా ఇంత సిగ్గు ఉండదు. ఇన్నాళ్లూ ఒక ఆడదాని బతుకు మీద కూర్చుని అన్నం తిన్నాడు. ఇప్పుడు కూతురి కడుపు మీద కూర్చోబోతున్నాడు. పుట్టని పిల్ల మీద కూడా.

"గడియారం ఆగింది అక్కా" అన్నాడు.

ముప్పై ఏళ్ల తర్వాత ఆ పిలుపు. ఆయనకే కొత్తగా వినిపించింది.

రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆయన సంచి పిడి చూస్తూ చెప్పాడు. తడబడకుండా, రోగి ముందు డాక్టరు రిపోర్టు చదివినట్టు చెప్పాడు. బాగుచేసిన గడియారాన్ని వారం రోజులు గోడకు వేలాడదీసి నడక చూస్తేగాని ఇవ్వడు ఆయన. ఆ బడి గడియారానికి అప్పటికి మూడో రోజు. తలుపు గట్టిగా వేస్తే లోలకం ఆగిపోయే జబ్బు దానికింకా పోలేదు. ఆ రోజు ఆడవాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతూ తలుపు వేశారు. నాలుగూ పన్నెండుకి ఆగింది.

"ఎంతసేపు?"

"ఇరవై ఎనిమిది నిమిషాలు."

మంత్రసాని అరగంటకు ఆ ఇరవై ఎనిమిది కలిపి వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడు కళ్లు తుడుచుకోకుండానే కళ్లజోడు పెట్టుకుంది.

"అంటే నాకు ముల్లు చూడటం వచ్చన్నమాట" అంది.

ఆయన చచ్చిపోయినా బాగుండేది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. చెప్పు తీసుకుని కొట్టినా తట్టుకునేవాడు.

ఆవిడ ఫైల్లో రాసింది కొట్టేసింది. కొట్టేసిన గీత సరిగ్గా రాలేదు. దాని కింద పెద్ద అక్షరాలతో రాసి, కూతురి వైపు తిప్పింది. భయం లేదు. ఇక్కడే కనవచ్చు.

"నీ ఒంట్లో ఏమీ లేదు తల్లీ. మీ అమ్మ ఒంట్లోనూ లేదు. ఆలస్యం చంపింది. పడకకు దగ్గర్లో రక్తమూ డాక్టరూ ఉంటే బతికేది. ఇప్పుడు నీకు నాలుగు నిమిషాల దూరంలో ఉన్నాయి."

కూతురు ఆ కాగితం చదివింది. సంతోషపడాల్సిన కాగితం. దానికోసమే మూడు వారాలు అలిగింది. దాన్ని మడతపెట్టి పక్కకు జరిపి, తండ్రి వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆసుపత్రిలో. అక్కడి గడియారం చూశాక."

"తెలిసీ ఈవిడదే తప్పని చెప్పావా?"

"చెప్పాను."

"ముప్పై ఏళ్లు."

ఆయన తల ఊపాడు. ఇంతకన్నా కిందికి దిగలేనని అనుకున్నాడు. ఇక్కడితో అయిపోతే చాలనుకున్నాడు. ఒకసారి కక్కేశాడు, తుడుచుకుని వెళ్లిపోవచ్చు. వీధి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"ఆగు తమ్ముడూ" అంది మంత్రసాని. లోలోపల ఇంకా లెక్క కడుతూనే ఉంది. "ఆగిన గడియారం ఆగిపోయే ఉండాలి కదా. నేను లేచేసరికి అది నడుస్తోంది. ముల్లు ఏడు మీదికి రావడం నేను కళ్లారా చూశాను. లోలకం ఆగితే దానంతటది మళ్లీ ఊగదని నాకే తెలుసు, నీకు తెలీదా?"

ఆయన సంచిని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవరు ఊపారు దాన్ని?"

ఆయన కుడిచేతి చూపుడువేలు పిడికిట్లోకి ముడుచుకుంది.

ఆ రోజు ఆయన వేడినీళ్ల బిందెతో లోపలికి వచ్చాడు. గది నిండా ఇరుగుపొరుగు ఆడవాళ్లు. తల ఎత్తితే గడియారం నాలుగూ పన్నెండు దగ్గర చచ్చి ఉంది. చేతి వాచీ చూసుకున్నాడు. నాలుగూ నలభై. మంత్రసాని పెట్టిన గడువు దాటి ఐదు నిమిషాలైంది. ఆగిపోయిందక్కా, బండి తెస్తాను అంటే అయిపోయేది. కాని గడియారాలు బాగుచేసేవాడి గోడ మీద గడియారం ఆగిందని ఈ ఆడవాళ్లు వీధంతా నవ్వుకుంటారు. రేపు బడిదాకా పోతుంది మాట. భార్య బాగానే ఉంది, బిడ్డను చూసి మురిసిపోతోంది. కాసేపటికి ఏమవుతుందిలే అనుకున్నాడు. బిందె దించి, నడుం నొప్పి ఉన్నవాడిలా గోడకు ఆనుకుని, వేలితో లోలకాన్ని ఒక్క తోపు తోశాడు. ముళ్లు తర్వాత సరిచేద్దామనుకున్నాడు.

మంత్రసాని చూడలేదు. ఇరుగుపొరుగు చూడలేదు.

మంచం మీది నుంచి భార్య చూసింది. ఆయన వేలు చూసింది, ఆయన చేతి వాచీ చూసింది, గోడ చూసింది. అయిదేళ్లు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషి, అర్థం కానిదేమీ లేదు. నోరు తెరవబోయి, చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసింది. పదిమందిలో మొగుడి పరువు తీయడం ఎందుకనుకుంది. పెదవి బిగబట్టి, ఆయనకు మాత్రమే తెలిసేలా చిన్నగా నవ్వి, కళ్లు మూసుకుంది.

ఆ కళ్లు మళ్లీ ఆయన వైపు తెరుచుకోలేదు.

కూతురు వచ్చి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిండు కడుపుతో గుమ్మమంతా ఆమే ఉంది.

"చెప్పు నాన్నా. ఎవరు ఊపారు?"

"తప్పుకో అమ్మడూ."

"నేను ఆ గదిలోకి పోయే రోజులోపల నాకు తెలియాలి. తెలీకుండా నేను కనలేను."

అచ్చం తల్లి కళ్లు. ఆయన వాటి కింద నుంచి వంగి చెప్పులు వెతుక్కున్నాడు. ఎడమ చెప్పు కుడికాలికి తొడిగాడు. తీసి సరిగా తొడుక్కోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

"ఇక్కడే కను. నేను వద్దనను" అన్నాడు. "గడియారం ఆగిందని చెప్పాను. అంతవరకే. ఇక ఆ రోజు సంగతి నన్ను అడగొద్దు. నువ్వు అడిగినా, ఈవిడ అడిగినా, రేపు నీ బిడ్డ పెరిగి అడిగినా నా నోటి నుంచి రాదు. నేను పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తను."